కూతవేటు దూరం

అమరకోశంలో ‘శాఖానగరం’ అనే మాట ఒకటి ఉంది. మూలనగరానికి వేరుగా, దాన్ని అంటిపెట్టుకొని వెలసిన పురానికి ఆ పేరు. చెట్టుకు కొమ్మ ఎలాగో పట్టణానికి శివారు అలాగన్నమాట. ఇంత చక్కని మాట నిఘంటువులో ఊరికే పడి ఉండగా మనం వాడుకునేది ‘శివారు’ను. ఆ శివారుకు మన పత్రికల్లో పట్టిన గతి మీకు తెలియనిది కాదు. ‘నగర శివార్లలో’ అని వార్త మొదలైందంటే, ఆ వాక్యం ముగిసేలోపు ఒక లారీ ప్రమాదమో, పేకాట స్థావరమో, గుర్తు తెలియని మృతదేహమో తగిలి తీరుతుంది. అదే పత్రికలో పేజీ తిప్పి స్థలాలు అమ్మేవారి ప్రకటన చూడండి. అక్కడ అదే శివారు ‘నగరానికి కూతవేటు దూరంలో, ప్రశాంత వాతావరణంలో’ వెలసిన స్వర్గం. ఒకే నేల, రెండు పేజీలు, రెండు లోకాలు.

కూతవేటు దూరమంటే ఒక మనిషి కేకవేస్తే ఇంకో మనిషికి వినిపించేంత దూరం. ప్రకటన రాసినవారికి ఆ అర్థంతో పనిలేదు కాబట్టి ముప్ఫై కిలోమీటర్లు కూడా కూతవేటులోకే వస్తాయి. కానీ ఆ మాటను ఆయన తేలికగా తీసుకున్నంత మాత్రాన మనమూ అలాగే వదిలేయనక్కరలేదు. నగరంలో ఉండాలా, శివారులో ఉండాలా అన్న చర్చలో నిజంగా పనికివచ్చే కొలత అదొక్కటేనని నా అభిప్రాయం. పిలిస్తే పలికే దూరంలో ఎవరున్నారు? ఏమున్నాయి? ఈ ప్రశ్న వదిలేసి చదరపు గజాలతోనూ, కారులో పట్టే నిమిషాలతోనూ కొలుచుకోవడం వల్లనే ఈ చర్చ ఎప్పుడూ తేలకుండా పోతోంది.

ఈ సంగతి మాట్లాడుకోవడానికి సికింద్రాబాదును మించిన చోటు లేదు. ఎందుకంటే ఈ ఊరు స్వయంగా ఒక శాఖానగరం. 1798లో నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ ఒప్పందం కుదిరిన తరువాత కంపెనీ సేనలు హుస్సేన్ సాగరానికి ఉత్తరాన, అల్వాలు పరిసరాల ఖాళీ భూముల్లో విడిది చేశాయి. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు మీద ఆ విడిదికి సికింద్రాబాదు అని పేరు వచ్చింది. జనం నోట మాత్రం అది లష్కరు, అంటే దండు. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళికి జరిగే జాతరను ఈనాటికీ లష్కర్ బోనాలనే అంటాం. మూసీ ఒడ్డున ఉన్న మూలనగరానికి చెరువు అవతల పుట్టిన కొమ్మ ఇది. ఆ కొమ్మ తనకంటూ వేళ్ళు దించుకొని, తానే ఒక మూలనగరమై, మారేడుపల్లి, లాలాగూడ, మల్కాజిగిరి, నేరేడ్‌మెట్, అల్వాలు, సైనిక్‌పురి, కాప్రా అంటూ తన కొమ్మలు తాను వేసుకుంది. మర్రిచెట్టు తీరు.

ఈ ఊరికి పుట్టుకతోనే రెండు పోకడలు ఉన్నాయి. ఒకటి బజారు పోకడ. జనరల్ బజారు, రెజిమెంటల్ బజారు, మోండా, కుండల బజారు: సైన్యానికి సరుకులు అమ్మడానికి వచ్చినవాళ్ళు, మద్రాసు సైన్యం వెంట వచ్చిన తమిళ ముదలియార్లు, గుజరాతీలు, మార్వాడీలు, చుట్టుపక్కల పల్లెల తెలుగువాళ్ళు ఒకరి గోడకు ఒకరు గోడ ఆనించి కట్టుకున్న ఇళ్ళు. కింద దుకాణం, పైన కాపురం. రెండవది బంగళా పోకడ. విశాలమైన ఆవరణ, నడుమ ఇల్లు, చుట్టూ వరండా, వేపచెట్లు, గేటు దగ్గర కాపలా. తిరుమలగిరిలోనూ బొల్లారంలోనూ తెల్లదొరలు కట్టుకున్న ఇళ్ళు అలాంటివి. ఈనాడు రాష్ట్రపతి నిలయంగా ఉన్న బొల్లారం భవనం ఒకప్పుడు బ్రిటిషు రెసిడెంటు విడిది.

మన పల్లెల మండువా లోగిలిలో ఆకాశం ఇంటి నడుమ ఉండేది. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో వాన కురిసే చోటు. బంగళాలో అది తిరగబడింది. ఇల్లు నడుమకు వచ్చి, ఆకాశం చుట్టూ చేరింది. మండువాలో ఉన్నవాడికి తన ఆకాశం తన ఇంటివాళ్ళతో కలిసి దక్కేది. బంగళాలో ఉన్నవాడికి ఇరుగుపొరుగు కనపడకుండా దక్కింది. సొంత ఇల్లు అనగానే మన మధ్యతరగతి మనసులో మెదిలే బొమ్మ, అంటే ప్రహరీ, గేటు, గేటు పక్కన మామిడిచెట్టు, మేడమీద పిట్టగోడ, ఇవన్నీ ఆ బంగళాను రెండువందల గజాల్లోకి కుదించి గీసుకున్న నకలే. ఇందులో ఎగతాళి చేయవలసింది ఏమీ లేదు. ఒక దొర అయిదెకరాల్లో అనుభవించిన గాలిని ఒక గుమాస్తా రెండువందల గజాల్లో కోరుకోవడం న్యాయమైన కోరికే.

ఆ కోరికకు దారి వేసింది రైలు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాము రైలుమార్గం వచ్చింది. 1893లో లాలాగూడలో రైలు పెట్టెల కర్మాగారం వెలసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాదు దానికి కేంద్రమైంది. లాలాగూడ, మెట్టుగూడ, చిలకలగూడల్లో రైల్వే క్వార్టర్లు వరుసలు తీరాయి. ఆ క్వార్టర్లలో పాతికేళ్ళు ఉన్న ఉద్యోగి పదవీ విరమణ నాటికి ఎక్కడికి పోతాడు? పట్టాల వెంట ఒకటి రెండు స్టేషన్లు అవతలికి. మల్కాజిగిరిలోనూ మౌలాలిలోనూ సఫిల్‌గూడలోనూ ఎన్నో కాలనీలు అలా పుట్టినవే. ఇంట్లో ఉండగా రైలు కూత వినిపించాలి. అది వినిపించినంత మేరా వాళ్ళకు ఊరే. వాళ్ళు కట్టుకున్న శివారు నిజంగా కూతవేటు దూరంలోనే ఉండేది.

మన్మాడు వెళ్ళే మార్గంలో సికింద్రాబాదు దాటాక వచ్చే స్టేషన్ల పేర్లు వరుసగా చదివి చూడండి: లాలాగూడ గేటు, మల్కాజిగిరి, దయానందనగర్, సఫిల్‌గూడ, రామకృష్ణాపురం, అమ్ముగూడ, కావల్రీ బ్యారక్స్, అల్వాలు, బొల్లారం బజారు, బొల్లారం, గుండ్లపోచంపల్లి, గౌడవెల్లి, మేడ్చల్. ఉత్తరాన ఉన్న శివార్లన్నిటినీ దండగుచ్చినట్టు కలుపుతూ పోయే దారి ఇది. వంద సంవత్సరాలకు పైగా ఈ పట్టాలు అక్కడే ఉన్నాయి. ఈ పట్టాల సంగతి మళ్ళీ ప్రస్తావిస్తాను.

రైలు తరువాత కర్మాగారాలు. 1967లో ఇ.సి.ఐ.ఎల్., ఆ తరువాత 1971లో అణు ఇంధన సముదాయం వచ్చి సికింద్రాబాదుకు ఈశాన్యాన ఉన్న కాప్రా, కుషాయిగూడ ప్రాంతాల రూపం మార్చేశాయి. ఇ.సి.ఐ.ఎల్. వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీదనే ఎ.ఎస్. రావు నగర్. ఒక శాస్త్రవేత్త పేరు ఇంతమంది నోట రోజూ నలిగే చోటు మన రాష్ట్రాల్లో ఎక్కువ ఉండకపోవచ్చు. ఆటోవాడు ‘ఏయస్సార్‌నగర్, ఏయస్సార్‌నగర్’ అని అరుస్తున్నప్పుడు అది ఒక మనిషి పేరని గుర్తుండేవాళ్ళు తక్కువే అనుకోండి. దాని పక్కనే విశ్రాంత సైనికుల కోసం వెలసిన సైనిక్‌పురి. విశాలమైన వీధులు, తక్కువ ఎత్తు ఇళ్ళు, గుల్‌మొహరు చెట్లు. సికింద్రాబాదులో ఇల్లు కట్టుకోవాలనుకున్న ప్రతి ఉద్యోగి కళ్ళలోనూ ఒకప్పుడు సైనిక్‌పురి మెదిలేది.

శివారు ఆకర్షణను తేలిక చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు నచ్చదు. నగరాన్ని ప్రేమించేవాళ్ళలో ఒక రకం వారున్నారు. మోండా మార్కెట్టు సందడి గురించి, ఇరానీ హోటళ్ళ గురించి, పాత మేడల గురించి కళ్ళు చెమర్చేలా రాస్తారు. ఆ మేడల్లో ఉన్నవాళ్ళ సంగతి మాత్రం రాయరు. వెలుతురు రాని వంటిళ్ళు, నాలుగు కాపురాలకు ఒకటే మరుగుదొడ్డి, ఆడవాళ్ళు తడి బట్టలు ఆరేసుకోవడానికి కూడా వంతులు వేసుకోవలసిన డాబా, అద్దెకు అడగబోతే ముందు కులం అడిగే ఇంటివారు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న సామెతలో కష్టమే కాదు, గౌరవం కూడా ఉంది. ప్రతి ఏడాదీ సామాను సర్దుకొని ఇల్లు మారిన మనిషికి, మేకు కొట్టడానికి ఎవరినీ అడగనక్కరలేని గోడ ఒకటి ఉండటం ఎంత పెద్ద సంగతో సొంతింట్లో పుట్టినవాళ్ళకు తెలియదు. ఆ గోడను కార్మికుడికీ గుమాస్తాకూ హవల్దారుకూ ఇచ్చింది శివారే. నగరం నడిబొడ్డు వారికి దాన్ని ఏనాడూ ఇవ్వలేదు.

కాబట్టి శివారు మంచిదా చెడ్డదా అన్నది నా ప్రశ్న కాదు. శివారు ఇచ్చిన మాట ఎంతకాలం నిలబడుతుంది, ఎవరి విషయంలో నిలబడుతుంది అన్నదే.

మొదటిది చూద్దాం. శివారుకు ఒక విచిత్రమైన లక్షణం ఉంది. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన ప్రతివాడూ తానే ఆఖరివాడు కావాలని కోరుకుంటాడు. తన ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం అలాగే ఉండాలి, తన వెనక పొలం అలాగే ఉండాలి, కానీ బస్సు రావాలి, బడి రావాలి, మందుల దుకాణం రావాలి. ఈ రెండు కోరికలూ ఒకదాన్నొకటి తినేస్తాయి. మారేడుపల్లిలో, పద్మారావునగర్‌లో మొదట ఇది జరిగింది. తరువాత మల్కాజిగిరిలో, ఆ తరువాత సైనిక్‌పురిలో. తండ్రి కట్టిన ఇంటిని కొడుకులు ‘డెవలప్‌మెంట్‌కి’ ఇస్తారు. మామిడిచెట్టు పోతుంది, అయిదంతస్తులు లేస్తాయి, పైఅంతస్తులో ఒకటి అమెరికాలో ఉన్న పెద్దవాడి వాటా. 2006లో వచ్చిన 86వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు భవనాల ఎత్తును ముఖ్యంగా ఎదుటి రోడ్డు వెడల్పుకు ముడిపెట్టాక ఈ వేగం ఇంకా పెరిగింది. కొడుకులను తప్పుపట్టలేం. ముగ్గురికి ఒక ఇంటిని పంచాలంటే నిలువుగా పంచడమే తేలిక.

పేర్లు మాత్రం మిగిలాయి. మారేడుపల్లి, నేరేడ్‌మెట్, చిలకలగూడ అని పలికినప్పుడు ఒక మారేడు, ఒక నేరేడు, ఒక చిలక వినిపిస్తాయి. వెళ్ళి చూస్తే కనిపించేవి బోర్డులు.

2007 ఏప్రిల్ 16న మల్కాజిగిరి, కాప్రా, అల్వాలుతో సహా 12 పురపాలక సంఘాలనూ, 8 గ్రామపంచాయతీలనూ కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. ఆ పూట నుంచి ఇవి అధికారికంగా శివార్లు కావు. శివారు ఇంకా బయటికి జరిగింది. 2025 చివరలో అవుటర్ రింగురోడ్డు చుట్టుపట్ల ఉన్న మరో 27 పురపాలక సంస్థలనూ కలిపారు. ఆ రింగురోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గం ఓటర్ల సంఖ్యలో దేశంలోనే అతి పెద్దది. ఒకనాడు ‘ఊరికి దూరంగా, ప్రశాంతంగా’ ఉంటుందని వచ్చినవాళ్ళందరూ కలిసి దేశంలోకెల్లా పెద్ద గుంపు అయ్యారన్నమాట. నగరం నుంచి పారిపోయినవాడి వెంట నగరం కూడా సామాను సర్దుకొని వస్తుంది.

వచ్చే నగరం అన్నీ పట్టుకొని రాదు. ఇదే అసలు బాధ. ఇళ్ళు ముందు వస్తాయి; మురుగు కాలవలు పదేళ్ళ తరువాత వస్తాయి. అనుమతి లేని లేఅవుట్లలో స్థలాలు కొన్నవాళ్ళ కోసం 2015లోనూ 2020లోనూ ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకాలు పెట్టింది. డబ్బు కడితే కాగితం క్రమమవుతుంది. కానీ ఆ లేఅవుట్లో వదలని పార్కు, ఆటస్థలం ఏ రుసుము కట్టినా భూమి మీదికి రావు. సఫిల్‌గూడ చెరువు, రామకృష్ణాపురం చెరువు, కాప్రా చెరువు, మల్కాజిగిరి బండచెరువు ఒకదాని నుంచి ఒకదానికి నీళ్ళు పంపుకోవడానికి ఏర్పడ్డ దారులు ఇళ్ళ కింద కలిసిపోయాయి. 2020 అక్టోబరు వానలకు నీళ్ళు ఆ పాత దారులను గుర్తుపెట్టుకొని వచ్చాయి. మనుషులకు గుర్తులేనిది నీళ్ళకు గుర్తుంటుంది. అన్నట్టు, దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది సికింద్రాబాదులోనే. ఆ పరిశోధనకు కావలసిన సరుకును మన శివారు గుంటలు ఇప్పటికీ ధారాళంగా సరఫరా చేస్తున్నాయి.

నవ్వుకోలేని సంగతి ఒకటి చెప్పాలి. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్ ప్రాంతంలో వీధిలోకి వెళ్ళిన ఒక బాలిక తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాదు నడిబొడ్డున కళాసిగూడలో ఇంకొక బాలిక అలాగే తెరిచి ఉన్న కాలవలో పడి చనిపోయింది. ఒకటి శివారు, ఒకటి రెండువందల ఏళ్ళ బజారు. నగరం మేలా, శివారు మేలా అని మనం వాదించుకుంటున్నప్పుడు ఈ రెండు వీధులనూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఇంటి గడప దాటిన పిల్ల క్షేమంగా తిరిగి రాగలదా అన్న పరీక్షలో రెండూ తప్పాయి. ఆ పరీక్ష నెగ్గని చోటు ఎంత పచ్చగా ఉన్నా, ఎంత చరిత్ర ఉన్నా నివాసయోగ్యం కాదు.

ఇప్పుడు రెండవ ప్రశ్న. శివారు మాట ఎవరి విషయంలో నిలబడుతుంది? శివారును మెచ్చుకునేవారి వయసు గమనించండి. చాలావరకు ముప్ఫైకి పైన, అరవైకి లోపల. చేతిలో వాహనం ఉన్నవారు. వాళ్ళకు శివారు హాయే. పొద్దున్న కారెక్కి వెళ్ళి, రాత్రికి చల్లటి గాలిలోకి తిరిగివస్తారు. ఆ మధ్యకాలంలో ఇంట్లో ఉండిపోయేవాళ్ళు వేరే ఉన్నారు. బండి నడపడం రాని ఇల్లాలు, బస్సు ఎక్కలేని అత్తగారు, కూరల సంచీ పట్టుకొని బయలుదేరితే రోడ్డు దాటలేక వెనక్కి వచ్చే తాతగారు, స్కూలు బస్సు దించాక గేటు లోపలే ఆడుకోవలసిన పిల్లలు, రెండు ఆటోలు మారి వచ్చే పనిమనిషి. రోజులో పన్నెండు గంటలు శివారులో నివసించేది వీళ్ళు. ఆ ఇల్లు బాగుందని తీర్పు చెప్పేది రాత్రి పడుకోవడానికి వచ్చే మనిషి.

మోండా దగ్గర ఒక ఇరుకు సందులో ఉన్న డెబ్భై ఏళ్ళ ముసలాయనను చూడండి. ఆయనకు గాలి లేదు, వెలుతురు లేదు, నిజమే. కానీ పొద్దున్నే తానే వెళ్ళి కూరలు బేరమాడి తెచ్చుకోగలడు. మందుల దుకాణంవాడికి ఆయన రక్తపోటు ఎంతో తెలుసు. గుడి, క్షౌరశాల, పాత పుస్తకాల కొట్టు, చిన్నప్పటి స్నేహితుడు, అన్నీ ఆయన కాళ్ళకు అందేంత దూరంలో ఉన్నాయి. ఆయన ఒక్కరోజు కనిపించకపోతే ముగ్గురు వచ్చి తలుపు తడతారు. కూతవేటు అంటే అదీ. అదే ముసలాయనను కొడుకు ప్రేమతో శామీర్‌పేట దారిలో ఉన్న విల్లాకు తీసుకుపోయాడనుకోండి. గాలీ వెలుతురూ దక్కుతాయి, తోట దక్కుతుంది. ఒక అరటిపండు కావాలన్నా ఎవరినో అడగవలసిన స్థితి కూడా దక్కుతుంది. అడగడం అలవాటు లేని మనిషికి ఇది చిన్న సంగతి కాదు. చాలామంది పెద్దలు ఆ తోటలో తొందరగా ముసలివారవుతారు.

ఇప్పుడు అన్నీ ఇంటికే వస్తున్నాయి కదా, ఫోను నొక్కితే పది నిమిషాల్లో అరటిపళ్ళు వస్తాయి కదా అని మిత్రులు అనవచ్చు. 2020 నుంచి ఆఫీసు కూడా చాలామందికి ఇంటికే వచ్చింది. సరుకులు ఇంటికి వస్తాయి, ఒప్పుకుంటాను. మనుషులు రారు. బజారుకు వెళ్ళడం సరుకుల కోసమే అయితే మన అమ్మమ్మలు అన్నేసి గంటలు బేరమాడి ఉండేవారు కాదు. దారిలో నలుగురు పలకరించడం, ఒకరి కూతురి పెళ్ళి సంగతి వినడం, ఎండ మీద నాలుగు మాటలు అనుకోవడం, ఇదంతా అరటిపళ్ళతో పాటు సంచీలో పడేది. పది నిమిషాల్లో గేటు దగ్గరికి సంచీ తెచ్చే కుర్రవాడికి ‘నీళ్ళు తాగుతావా నాయనా’ అని అడిగేలోపు అతను బండి తిప్పుకొని వెళ్ళిపోతాడు. అతని తప్పు కాదు. అతని నిమిషాలను వేరెవరో లెక్కపెడుతున్నారు.

లండనులో పార్లమెంటు ప్రసంగాలను సంక్షిప్తలిపిలో రాసుకునే ఉద్యోగి ఒకాయన, ఎబెనెజర్ హోవర్డ్, 1898లో ఒక పుస్తకం రాశాడు. నగరం ఒక అయస్కాంతం, పల్లె ఒక అయస్కాంతం. రెంటి మంచినీ కలిపిన మూడో అయస్కాంతాన్ని తయారుచేయవచ్చని ఆయన వాదన. 32,000 మందికి ఒక ఉద్యాననగరం. మొత్తం 6,000 ఎకరాలు, అందులో ఊరికి 1,000 మాత్రమే; తక్కినవి పొలాలూ తోటలూ. 1903లో లెచ్‌వర్త్ అనే చోట దాన్ని కట్టడం మొదలుపెట్టారు కూడా. ఆయన చెప్పినదాంట్లో ప్రపంచమంతా చెట్లను, విడివిడి ఇళ్ళను తీసుకుంది. రెండు ముఖ్యమైన షరతులను వదిలేసింది. ఊరు ఒక హద్దు దాటి పెరగకూడదు. నేల ఊరి ఉమ్మడి సొత్తుగా ఉండి, దాని విలువ పెరిగితే ఆ లాభం ఊరికే చెందాలి. ఈ రెండూ లేని ఉద్యాననగరం వెంచరు అవుతుంది. గేటు దగ్గర ఫౌంటెను ఉంటుంది, అంతే.

హోవర్డ్ చెప్పిన ఆ పచ్చని పట్టీ సికింద్రాబాదుకు ఎవరూ సంకల్పించకుండానే దొరికింది. అదే కంటోన్మెంటు. సుమారు 40 చదరపు కిలోమీటర్ల ప్రాంతం. అందులో సైన్యం అధీనంలోని మైదానాలు, చెట్లు, తక్కువ ఎత్తు కట్టడాలు. మల్కాజిగిరి, సైనిక్‌పురి, అల్వాలు వైపు ఉన్నవాళ్ళకు కంటోన్మెంటు అంటే మూసిన రోడ్లే గుర్తొస్తాయి. భద్రత పేరిట దారులు మూసేస్తే చుట్టుదారులు పట్టి విసిగిపోయిన జనం ఏళ్ళ తరబడి పోరాడారు. 2018 మేలో రక్షణశాఖ దేశవ్యాప్తంగా కంటోన్మెంటు రోడ్లను తెరవమని ఆదేశించింది. ఆ తరువాత కూడా ఏ రోడ్డు తెరిచారు, ఏది మూశారు అన్న వాదులాట ఆగలేదు. దారులు తెరవాలన్న జనం కోరిక న్యాయమైనదే. ప్రజల రోడ్డును ప్రజలకు మూయడం ఏ విధంగానూ సమర్థించలేం. అయితే అదే జనం, మేడమీద నిలబడి చల్లటి గాలి పీలుస్తున్నప్పుడు, ఆ గాలి ఎక్కడినుంచి వస్తోందో కూడా తలుచుకోవాలి. ఆ మైదానాల్లో ఇళ్ళు లేవు కాబట్టే ఈ శివార్లు ఇంకా కొంచెం శివార్లలా ఉన్నాయి.

కంటోన్మెంటు పౌర ప్రాంతాలను నగరపాలక సంస్థలో కలపాలన్న ఆలోచన కొన్నేళ్ళుగా నలుగుతోంది. 2024 మార్చిలో ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫారం దాకా ఒకటి, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు ఒకటి, రెండు ఎత్తైన రహదారులకు శంకుస్థాపనలు జరిగాయి. వాటికోసం రక్షణశాఖ భూములు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇవి పూర్తయితే కార్లు వేగంగా పోతాయి, సందేహం లేదు. వేగంగా పోగలిగిన ప్రతిసారీ మనం ఇంకా దూరం పోయి ఇల్లు కట్టుకున్నాం. ఇది కూడా సందేహం లేని సంగతే. పదేళ్ళ తరువాత ఆ పైరోడ్డు మీద కూడా కార్లు నిలబడతాయి, అప్పుడు శివారు తూప్రాను దగ్గర ఉంటుంది.

ఇంతకుముందు పట్టాల సంగతి మళ్ళీ ప్రస్తావిస్తానన్నాను కదా. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలైనప్పుడు అవి లింగంపల్లి వైపు, ఫలక్‌నుమా వైపు నడిచాయి. పదమూడు స్టేషన్లు వరుసగా ఉన్న మేడ్చల్ మార్గానికి ఆ రైళ్ళు వచ్చింది 2023 ఏప్రిల్ 8న. ఇరవై ఏళ్ళు పట్టింది. మెట్రో 2017 నవంబరులో సికింద్రాబాదు తూర్పు వైపుకు, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ దాకా వచ్చింది. 2025 జనవరిలో చర్లపల్లిలో కొత్త టెర్మినల్ తెరిచారు. ఇవన్నీ మంచివే. కానీ మేడ్చల్ దారిలో నడిచే రైళ్ళ సంఖ్య ఆ దారి పక్కన నివసించే జనానికి ఏ మూలకూ చాలదు. రైలు ఎప్పుడొస్తుందో కాగితం చూసుకోవలసి వస్తే అది దూరప్రయాణపు రైలు. చూసుకోకుండా స్టేషనుకు వెళ్ళగలిగితేనే అది ఊళ్ళో తిరిగే రైలు. ముంబైలో శివారు అన్న మాటకు పరువు దక్కింది లోకల్ రైలు వల్లనే. అక్కడ శివారులో ఉంటామని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు.

నా అభిప్రాయం ఇది. కాలినడకన స్టేషనూ, బజారూ, బడీ, వైద్యుడూ అందే శివారు, నగరం నడిబొడ్డు కంటె మేలైనది. అవి అందని శివారు, ఎంత ఖరీదైనదైనా, నగరంలోని ఇరుకు సందు కంటె తీసికట్టు. సికింద్రాబాదు మొదటి రకం శివార్లను ఒకప్పుడు తెలియకుండానే కట్టింది, రైలు కూత వెంట. ఇప్పుడు రెండవ రకాన్ని తెలిసి తెలిసి కడుతోంది, రింగురోడ్డు వెంట. వెయ్యి కోట్లతో ఇంకొక పైరోడ్డు వేయడానికి ముందు, ఉన్న పట్టాల మీద పావుగంటకొక రైలు నడపమని అడగడం అత్యాశ కాదు. ప్రతి కాలనీలో ఒక పదిమంది కూరలమ్మేవాళ్ళు నీడన కూర్చునే చోటు, పెద్దవాళ్ళు పడిపోకుండా నడిచే ఒక బాట, మూతలున్న నాలాలు, చెరువుకు దాని దారి దానికి వదలడం, కంటోన్మెంటు భూమి ఎప్పుడైనా చేతులు మారితే అందులో మైదానాలను మైదానాలుగానే ఉంచడం. ఇవేవీ ఉద్యాననగరమంత పెద్ద కలలు కావు.

కొత్తగా ఇల్లు కొనబోయే చిన్నవారు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే. స్థలం చూపించడానికి వచ్చినవారి కారు ఎక్కి చూసి రాకండి. మీ అమ్మగారినో నాన్నగారినో వెంటబెట్టుకొని, సాయంత్రం ఆరు గంటలకు ఆ ఇంటి గేటు దగ్గర నుంచి బయలుదేరి, ఒక కట్ట కొత్తిమీర కొనుక్కొని నడిచి వెనక్కి రండి. ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు వారి చెయ్యి పట్టుకోవలసి వచ్చింది, దారిలో ఎంతమంది మనుషులు ఎదురయ్యారు, ఇవి లెక్కపెట్టుకోండి. గజం ధర సంగతి ఆ తరువాత మాట్లాడవచ్చు.